వేడి చెప్పిన సాక్ష్యం: ఇనుప అతివాహకాల కథ

పాయసం కలియబెట్టేటప్పుడు ఇత్తడి గరిటె చెయ్యి కాలుస్తుంది, కొయ్య తెడ్డు కాల్చదు. ఇది తెలియని వంటిల్లు ఉండదు. ఆ ఇత్తడిలోంచే విద్యుత్తు కూడా సులువుగా పారుతుందనీ, కొయ్యలోంచి పారదనీ తెలియడానికి మాత్రం మనిషికి చాలా కాలం పట్టింది. ఈ రెండు సంగతులకీ మధ్య ఉన్న చుట్టరికాన్ని అంకెల్లో పెట్టినవారు గుస్టాఫ్ వీడెమాన్, రుడాల్ఫ్ ఫ్రాంజ్ అనే ఇద్దరు జర్మన్ శాస్త్రజ్ఞులు. 1853లో వారు ప్రకటించిన సూత్రం ఇది: ఒకే ఉష్ణోగ్రత దగ్గర ఏ లోహాన్ని తీసుకున్నా, దాని ఉష్ణవాహకతకీ విద్యుద్వాహకతకీ ఉండే నిష్పత్తి దాదాపు ఒకటే. ఆ నిష్పత్తి ఉష్ణోగ్రతకి అనులోమంగా పెరుగుతుందని 1872లో డెన్మార్క్ దేశస్థుడు లుడ్విగ్ లోరెంజ్ చూపించాడు. (సాపేక్ష సిద్ధాంతం చదివినవారికి పరిచయమైన డచ్చి లోరెంట్జ్ వేరు, ఈయన వేరు.)

అప్పటికి ఎలక్ట్రాన్ అన్న మాటే పుట్టలేదు. కారణం తెలియకుండానే ఆ సూత్రం అర్ధ శతాబ్దానికి పైగా నిలిచింది. చివరికి 1927లో మ్యూనిక్ ఆచార్యుడు ఆర్నాల్డ్ సోమర్‌ఫెల్డ్ కొత్తగా వచ్చిన క్వాంటం గణాంకాలతో లెక్కకట్టి, ఆ స్థిరాంకం విలువ 2.44 × 10⁻⁸ వాట్-ఓమ్/కెల్విన్² అని తేల్చాడు. లోహంలో వేడిని మోసే కూలీ, విద్యుత్తును మోసే కూలీ ఒకరే. ఆ కూలీ పేరు ఎలక్ట్రాన్. అందుకే ఆ నిష్పత్తి అన్ని లోహాల్లోనూ ఒకటే.

ఇక్కడ చెప్పదలచుకున్నది, ఆ కూలీ ఒక బరువును మహావేగంగా మోస్తూ రెండో బరువును పూర్తిగా దించేసే పదార్థాల గురించి. మరీ ముఖ్యంగా, 2008 తర్వాత భౌతిక శాస్త్రాన్ని కుదిపేసిన ఇనుప అతివాహకాల గురించి. వాటి లోగుట్టు విప్పడానికి విద్యుత్తు పనికిరాకపోతే, పాతకాలపు వేడి ఎలా సాక్షిగా వచ్చిందో, ఆ సాక్ష్యం ఎంతవరకు నిలిచిందో చూద్దాం.

* * *

హాలండ్‌లోని లైడెన్ నగరంలో కామర్లింగ్ ఓనెస్ 1908 జూలై 10న హీలియం వాయువును ద్రవంగా మార్చాడు. అంతటి చలిని అంతకు ముందు ఎవరూ సాధించలేదు. ఆ చలిలో 1911లో పాదరసాన్ని పరీక్షిస్తే, 4.2 కెల్విన్ దగ్గర, అంటే సుమారు మైనస్ 269 డిగ్రీల సెల్సియస్ దగ్గర, దాని విద్యున్నిరోధం ఉన్నట్టుండి మాయమైపోయింది. అదే అతివాహకత.

నిరోధం లేకపోతే విద్యుద్వాహకత అనంతం. వీడెమాన్, ఫ్రాంజ్‌ల సూత్రాన్నే నమ్ముకుంటే ఉష్ణవాహకత కూడా అనంతం కావాలి. 1930ల తొలి సంవత్సరాల్లో అదే లైడెన్‌లో డి హాస్, బ్రెమెర్ అనేవారు సీసం, తగరం వంటి లోహాల మీద కొలతలు తీసి చూస్తే కనిపించింది దానికి పూర్తిగా వ్యతిరేకం. అతివాహక స్థితిలోకి వెళ్ళిన లోహం వేడిని మునుపటి కంటే తక్కువగా మోస్తోంది! విద్యుత్తుకి రాజమార్గంగా మారిన లోహం వేడికి మాత్రం దారి మూసేసింది. ఈ వింతను తర్వాతి కాలంలో అతిశీతల ప్రయోగశాలలు ఒక పనిముట్టుగా కూడా వాడుకున్నాయి: అయస్కాంత క్షేత్రంతో అతివాహకతను చెరిపితే వేడి పారుతుంది, క్షేత్రం తీసేస్తే ఆగుతుంది. కదిలే భాగమంటూ లేని వేడి స్విచ్చి అన్నమాట.

కారణం 1957లో తెలిసింది. జాన్ బార్డీన్, లియాన్ కూపర్, రాబర్ట్ ష్రీఫర్ చెప్పిన సిద్ధాంతం ప్రకారం, అతివాహకంలో ఎలక్ట్రాన్లు జంటలు కడతాయి. ఆ జంటలన్నీ కలిసి ఒకే క్వాంటం స్థితిలో నడుస్తాయి. వేడి అంటే మౌలికంగా అస్తవ్యస్తత. ఇంత క్రమశిక్షణతో నడిచే దండులో అస్తవ్యస్తతకు తావు లేదు. కాబట్టి అది మోయగల వేడి కూడా లేదు. వేడిని మోయాలంటే జంట విడిపోయిన ఎలక్ట్రాన్లు కావాలి. జంటను విడదీయడానికి కనీసం కొంత శక్తిని చెల్లించాలి. ఈ కనీస మూల్యాన్నే ‘శక్తి అంతరం’ అంటారు. చలి ముదిరేకొద్దీ ఆ మూల్యం చెల్లించగలిగేవి కరువైపోతాయి. 1959లో బార్డీన్, రికేజెన్, టెవోర్ట్ అతివాహకాల ఉష్ణవాహకతకు ఈ దృష్టితో పూర్తి లెక్క కట్టారు.

అంటే, అతివాహకంలో విద్యుత్తు జంటల కథ చెబుతుంది, వేడి జంట తప్పిన వాటి కథ చెబుతుంది. నిరోధం సున్నాకు చేరిన తర్వాత విద్యుత్తు కొలతకు చెప్పడానికి ఇంకేమీ మిగలదు. మాట్లాడగలిగే స్థితిలో ఉన్నది వేడి ఒక్కటే.

* * *

శక్తి అంతరాన్ని ఒక కోటగోడ అనుకుందాం. పాదరసం, సీసం, తగరం వంటి పాతతరం అతివాహకాల్లో ఆ గోడ చుట్టూ దాదాపు ఒకే ఎత్తున ఉంటుంది. చలి పెరిగితే గోడ దాటగలవారే ఉండరు. కానీ గోడ కొన్ని చోట్ల నేల మట్టానికి దిగిపోయి ఉంటే? ఎంత బలహీనుడైనా ఆ సందుల్లోంచి దాటిపోతాడు. పరమశూన్యానికి ఎంత దగ్గరకు వెళ్ళినా జంట తప్పిన ఎలక్ట్రాన్లు కొన్ని మిగిలే ఉంటాయి. ఆ సందులను ఇక్కడ ‘సున్నా స్థానాలు’ అని పిలుచుకుందాం.

ఈ ప్రశ్న 1986 తర్వాత అత్యవసరమైంది. ఆ ఏడు జ్యూరిక్‌లోని ఐబీఎం ప్రయోగశాలలో బెడ్‌నోర్జ్, ముల్లర్ రాగి ఆక్సైడుల్లో అతివాహకతను కనుక్కున్నారు. ఆ పదార్థాల్లో శక్తి అంతరానికి పరిమాణంతో పాటు ధన, ఋణ గుర్తులు కూడా ఉన్నాయనీ, దిశను తొంభై డిగ్రీలు తిప్పితే గుర్తు మారుతుందనీ క్రమంగా తేలింది. ధనం నుంచి ఋణానికి పోవాలంటే మధ్యలో సున్నా దాటక తప్పదు. అంచేత ఆ పదార్థాల్లోని సున్నా స్థానాలు సౌష్ఠవం విధించినవి. ఈ రకం అంతరానికి భౌతికవాదులు పెట్టిన పేరు ‘డీ-తరంగం’. గుర్తు మారనిది ‘ఎస్-తరంగం’.

వేడితో దీన్ని పట్టుకోవడం ఎలా? అతిశీతలంలో వేడిని మోసేవి రెండు: జంట తప్పిన ఎలక్ట్రాన్లు, స్ఫటికంలోని పరమాణువుల కంపనాలు. కంపనాల వాటా దాదాపు ఉష్ణోగ్రత ఘనానికి అనుగుణంగా, చాలా వేగంగా పడిపోతుంది. ఎలక్ట్రాన్ల వాటా ఉష్ణోగ్రతతో అనులోమంగా తగ్గుతుంది. అందుకని ఉష్ణవాహకతను ఉష్ణోగ్రతతో భాగించి, వచ్చిన గీతను పరమశూన్యం దాకా పొడిగిస్తారు. అక్కడ ఏమీ మిగలకపోతే కోటగోడకు సందు లేదు. ఏదైనా మిగిలితే సందు ఉంది. ఆ మిగిలినదాన్ని ‘శేషం’ అందాం. మన కథ మొత్తం ఆ శేషం చుట్టూనే తిరుగుతుంది.

దీనికి మరో సొగసైన గుణం ఉంది. స్ఫటికంలో మాలిన్యం పెరిగితే జంటలు కొన్ని విరిగి, వేడి మోసే ఎలక్ట్రాన్ల సంఖ్య పెరుగుతుంది. అదే మాలిన్యం వాటి దారికి అడ్డం పడి వేగాన్ని తగ్గిస్తుంది. డీ-తరంగంలో ఈ లాభనష్టాలు సరిగ్గా సరిపోతాయని 1993లో పాట్రిక్ లీ చేసిన సైద్ధాంతిక కృషి సూచించింది. 1997లో కెనడా దేశపు లూయీ టాయ్‌ఫేర్, ఆయన సహచరులు రాగి ఆక్సైడులో జింకును మాలిన్యంగా కలుపుతూ పోయి, శేషం మాత్రం మారకపోవడాన్ని నిజంగానే కొలిచి చూపారు. దీనికి ‘సార్వత్రిక ఉష్ణవహనం’ అని పేరు. సౌష్ఠవం విధించిన సున్నాకీ, కాకతాళీయంగా వచ్చిన సున్నాకీ తేడా పట్టుకోవడానికి ఇదొక గీటురాయి అయింది.

* * *

ఇక ఇనుము దగ్గరికి వద్దాం. ఇనుము అయస్కాంతాల లోహం. అయస్కాంతత్వం ఎలక్ట్రాన్ జంటలకు బద్ధశత్రువని పాత పాఠం. అతివాహకాల కోసం వెతికేవారు ఇనుమును దూరం పెట్టేవారు. టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో హిదెయో హోసోనో బృందం కూడా అతివాహకాల వేటలో పేరుపడినది కాదు, పారదర్శక అర్ధవాహకాల మీద పనిచేసినది. 2006లో వారికి లాంథనం, ఇనుము, ఫాస్ఫరస్, ఆక్సిజన్ కలిసిన ఒక పదార్థం 4 కెల్విన్ దగ్గర అతివాహకంగా దొరికింది. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఫాస్ఫరస్ స్థానంలో ఆర్సెనిక్ పెట్టి, ఆక్సిజన్‌లో కొంత భాగానికి బదులు ఫ్లోరిన్ చేర్చిన ఫలితం 2008 ఫిబ్రవరిలో వెలువడింది: 26 కెల్విన్. లోకం ఉలిక్కిపడింది. కొద్ది వారాల్లోనే చైనా బృందాలు లాంథనం స్థానంలో సమేరియం వంటి మూలకాలు పెట్టి 40 కెల్విన్ దాటించి, 55 దాకా తీసుకుపోయాయి. అదే ఏడాది మ్యూనిక్‌లో డిర్క్ యోహ్రెంట్ బృందం బేరియం, పొటాషియం, ఇనుము, ఆర్సెనిక్‌లతో 38 కెల్విన్ సాధించింది. తైవాన్‌లో మావ్-కుయెన్ వూ బృందం ఇనుము, సెలీనియం రెండే ఉన్న అతిసరళమైన పదార్థంలో 8 కెల్విన్ దగ్గర అతివాహకతను చూపింది.

జంటలను కట్టే జిగురు ఏది అన్నది పెద్ద ప్రశ్న. పాత అతివాహకాల్లో అది స్ఫటిక కంపనం. ఇనుములో అంతరం గుర్తు మారుతూ ఉంటే, జిగురు అయస్కాంత చాంచల్యమే అనడానికి బలం వస్తుంది. అంటే శత్రువనుకున్నవాడే పెళ్ళి పెద్ద! 2008లోనే అమెరికాలో ఇగోర్ మాజిన్, డేవిడ్ సింగ్ ప్రభృతులు, జపానులో కజుహికో కురోకి ప్రభృతులు ఒక ఊహ ముందుకు తెచ్చారు. ఇనుప పదార్థాల్లో ఎలక్ట్రాన్ల ఫెర్మి తలం ఒకే ముక్కగా ఉండదు, విడివిడి దీవులుగా ఉంటుంది. ఒక రకం దీవుల మీద అంతరం ధనం, మరో రకం దీవుల మీద ఋణం. మధ్యలో సున్నా ఉంటుంది గాని, అది ఎలక్ట్రాన్లు లేని ఖాళీ చోట పడుతుంది. గుర్తు మారుతుంది, కోటగోడకు సందూ ఉండదు. దీన్ని ‘ఎస్ ప్లస్-మైనస్’ అన్నారు.

ఇక్కడే వేడి సాక్ష్యానికి మొదటి హద్దు కనిపిస్తుంది. వేడికి గోడ ఎత్తు తెలుస్తుంది, గుర్తు తెలియదు. శేషం సున్నా వచ్చినంత మాత్రాన అది మామూలు ఎస్-తరంగమో, గుర్తు మారే ఎస్-తరంగమో చెప్పలేం.

* * *

కొలత వినడానికి చాలా సులువు. ఒకటి రెండు మిల్లీమీటర్ల పొడవైన స్ఫటికపు ముక్కను తీసుకుని, ఒక కొసను డైల్యూషన్ రిఫ్రిజిరేటర్ అనే అతిశీతల యంత్రానికి అంటించాలి. రెండో కొసన చిన్న హీటర్ పెట్టాలి. మధ్యలో రెండు థర్మామీటర్లు. ఎంత వేడి పంపాం, ఎంత తేడా వచ్చింది, అంతే. కానీ ఇదంతా జరిగేది పరమశూన్యానికి 0.05 కెల్విన్ ఎగువన. అక్కడ తీగ అంటించిన చోటు సరిగా లేకపోతే, ఎలక్ట్రాన్లకీ కంపనాలకీ మధ్య వేడి మార్పిడి తెగిపోయి, లేని శేషం ఉన్నట్టో, ఉన్నది లేనట్టో తోస్తుంది. పైగా కంపనాల వాటా అచ్చంగా ఘనం ప్రకారమే పడాలని ఏమీ లేదు. గీతను ఏ వంపుతో పొడిగించారన్న దాన్నిబట్టి తీర్పు మారిపోవచ్చు.

కెనడాలో షెర్‌బ్రూక్ విశ్వవిద్యాలయంలోని టాయ్‌ఫేర్ బృందం, అమెరికాలో ఏమ్స్ ప్రయోగశాలకు చెందిన మకారి తనాతార్ ప్రభృతులు, షాంఘైలో ఫుదాన్ విశ్వవిద్యాలయపు షి-యాన్ లి బృందం, జపానులో క్యోటో బృందం ఈ పనిలో ముందున్నారు. 2009లో పొటాషియం కలిపిన బేరియం పదార్థంలో శేషం కనబడలేదు. 2010లో కోబాల్టు కలిపిన దానిలోనూ, వేడిని ఇనుప పొరల వెంట పంపినప్పుడు, శేషం లేదు. అయితే అయస్కాంత క్షేత్రం పెట్టగానే వేడి చకచకా పెరిగింది. గోడకు సందు లేదు గాని, కొన్ని చోట్ల గోడ బాగా పొట్టిదన్నమాట. అదే ఏడాది రీడ్, తనాతార్ ప్రభృతులు కోబాల్టు పదార్థంలోనే వేడిని పొరలకు అడ్డంగా, నిలువు దిశలో పంపి చూశారు. అతివాహకత అత్యుత్తమంగా ఉన్న పాళ్ళ దగ్గర శేషం లేదు. కోబాల్టు అంతకంటే తగ్గినా, పెరిగినా శేషం ప్రత్యక్షమైంది! ఒక దిశలో అడిగితే లేదన్న సాక్షి మరో దిశలో అడిగితే ఉందన్నాడు. సౌష్ఠవం విధించిన సున్నా అయితే కోబాల్టు పాళ్ళను బట్టి వచ్చిపోవడం ఉండదు. కాబట్టి ఇవి కాకతాళీయమైన సున్నాలు.

మిగతా కుటుంబ సభ్యులు తలోదారి. లిథియం, ఇనుము, ఆర్సెనిక్ ఉన్న పదార్థంలో 2011 కొలతలు ఏ దిశలోనూ సందు లేదన్నాయి. ఆర్సెనిక్ బదులు కొంత ఫాస్ఫరస్ పెట్టిన బేరియం పదార్థంలో మాత్రం, అతివాహక ఉష్ణోగ్రత 30 కెల్విన్ దాకా ఉన్నా, సున్నా రేఖలు ఉన్నాయని క్యోటో బృందం 2010లో చూపింది. రాగి ఆక్సైడులన్నిటికీ ఒకే డీ-తరంగం సరిపోయింది. ఇనుము ఇంటిలో అన్నదమ్ములు ఒకే గొంతుతో మాట్లాడరని తేలిపోయింది.

* * *

అసలైన వ్యాజ్యం పొటాషియం పదార్థం మీద నడిచింది. బేరియాన్ని పూర్తిగా తీసేసి పొటాషియం మాత్రమే ఉంచితే అతివాహక ఉష్ణోగ్రత 4 కెల్విన్ లోపుకు పడిపోతుంది. అయితే స్ఫటికాలు మహా శుద్ధంగా వస్తాయి. 2010లో ఫుదాన్ బృందం ఇందులో పెద్ద శేషాన్ని కొలిచింది. 2012లో షెర్‌బ్రూక్ బృందం దానికంటే పదింతలు తక్కువ మాలిన్య నిరోధం ఉన్న స్ఫటికంలో మళ్ళీ కొలిస్తే, పొరల వెంట శేషం అంతే వచ్చింది. మాలిన్యం పదింతలు తగ్గినా మారని శేషం! 1997 నాటి గీటురాయి మీద గీసి, ఇది సౌష్ఠవం విధించిన సున్నా, ఇది డీ-తరంగం అని వారు వాదించారు.

అదే 2012లో టోక్యో విశ్వవిద్యాలయానికి చెందిన ఒకజాకి, షిన్ ప్రభృతులు లేజర్ కాంతితో ఎలక్ట్రాన్లను బయటికి తన్నించి, అంతరాన్ని దిశల వారీగా నేరుగా చూశారు. ఒక దీవి మీద అంతరం ఎక్కడా సున్నా కాలేదు. మరో దీవి మీద ఎనిమిది చోట్ల సున్నా అయింది. డీ-తరంగమైతే నాలుగే ఉండాలి, పైగా అన్ని దీవుల మీదా ఉండాలి. ఇది కాకతాళీయమే అన్నారు వారు. ఆ తర్వాత 2013లో టాయ్‌ఫేర్ బృందమే ఒత్తిడి పెంచుతూ చూస్తే, 17.5 కిలోబార్ల దగ్గర అతివాహక ఉష్ణోగ్రత తగ్గడం మాని ఒక్కసారిగా పెరగడం మొదలుపెట్టింది. డీ నుంచి ఎస్‌కు మారిన జాడే ఇదని వారి వ్యాఖ్యానం. ఆ తర్వాత విశిష్టోష్ణం మీదా, అయస్కాంత క్షేత్రం చొరబడే లోతు మీదా జరిగిన పరిశీలనలు మళ్ళీ ఎస్-తరంగం వైపే మొగ్గాయి.

ఈ వివాదంలో ఎవరి కొలతా తప్పు కాదు. వేడి చెప్పినది ‘సందు ఉంది, మాలిన్యానికి అది చలించలేదు’ అని మాత్రమే. ‘కాబట్టి డీ-తరంగం’ అన్నది మనుషులు చేర్చిన ముగింపు. గీటురాయి ఒకే దీవి ఉన్న రాగి లోకంలో పదునెక్కింది. నాలుగైదు దీవులున్న ఇనుప లోకంలో, ఏ దీవి ఎంత వేడి మోసిందో విడదీసి చెప్పే శక్తి ఒక్క శేషానికి లేదు.

ఇనుము-సెలీనియం కథ ఇంకా విచిత్రం. 2009లో షాంఘై కొలతలు గోడకు సందు లేదన్నాయి. 2011లో చైనాలో పలుచని పొరల మీద సూక్ష్మదర్శినితో చూస్తే సున్నాలు కనిపించాయి. 2014లో క్యోటో బృందం మేలైన స్ఫటికాల్లో వేడిని కొలిచి, ఉన్నాయి అంది. 2016లో షెర్‌బ్రూక్ బృందం 0.075 కెల్విన్ దాకా వెళ్ళి, లేవు అంది. ఒక దీవి మీద అంతరం బాగా చిన్నదని మాత్రం చెప్పింది. 2017లో సీమస్ డేవిస్ బృందం సూక్ష్మదర్శినితో తీసిన చిత్రాలు ఈ చిక్కుముడిని చాలావరకు విప్పాయి: కొన్ని దిశల్లో అంతరం దాదాపు సున్నా దాకా దిగిపోతుంది, దీవికీ దీవికీ మధ్య గుర్తు కూడా మారుతుంది. అంత పల్చని గోడ మాలిన్యం పాళ్ళను బట్టి, స్ఫటికంలోని అతుకులను బట్టి ఒకచోట నేలను తాకుతుంది, మరోచోట తాకదు. సాక్షులు అబద్ధం చెప్పలేదు. ఒకే పేరుతో వేరువేరు స్ఫటికాలను బోనెక్కించారు, అంతే.

కాబట్టి ఇనుప అతివాహకాల్లో వేడి ఇచ్చిన సాక్ష్యాన్ని కూడితే లెక్క ఇలా తేలుతుంది. ఈ కుటుంబానికంతటికీ ఒకే రూపం గల అంతరం లేదు. సున్నాలు ఉన్నచోట అవి ఎక్కువగా కాకతాళీయం. అతివాహకత బలంగా ఉన్నచోట గోడ తరచు నిండుగా ఉంటుంది, కానీ ఫాస్ఫరస్ పదార్థం ఆ మాటనూ పూర్తిగా నిలవనివ్వదు. ఇవన్నీ అయస్కాంతపు జిగురుతో, గుర్తు మారే ఎస్-తరంగంతో పొసగుతాయి. వాటిని ఒంటరిగా నిరూపించవు. గుర్తు సంగతి తేల్చడానికి న్యూట్రాన్లను, సూక్ష్మదర్శినులను పిలవవలసి వచ్చింది.

ఎలక్ట్రాన్ పేరైనా తెలియని కాలంలో లోహపు కడ్డీల్ని వేడిచేసి చూసిన ఆ ఇద్దరి సూత్రం నేటికీ ఈ కొలతలన్నిటికీ తూకపు రాయి. షెర్‌బ్రూక్‌లో గాని, షాంఘైలో గాని అయస్కాంత క్షేత్రం పెంచి అతివాహకతను చెరిపేసినప్పుడు, వారు సరిచూసుకునేది అదే నిష్పత్తిని: 2.44 × 10⁻⁸ వస్తోందా లేదా అని. అది వస్తేనే తీగలు సరిగా అతికినట్టు, అది వస్తేనే చలిలో విన్న సాక్ష్యం నమ్మదగినట్టు. 1853 నాటి మాట నిలబడిన తర్వాతే 2012 నాటి వాదన మొదలవుతుంది.